గిటారుకు గొంతు చిన్నది

నవంబరు 20, 1949. ఆదివారం. సూర్యాపేట.

ఈ రోజు నుంచి నేను సంగీత విద్వాంసురాలిని! (ఇంకా ఏమీ వాయించలేదు.)

మిషను దవాఖానలో పనిచేసిన మిస్సమ్మ మొన్న వాళ్ళ దేశం వెళ్ళిపోతూ మా గుడికి ఒక గిటారు, కీ ఇచ్చే గ్రామఫోను, పెట్టెడు రికార్డులు విడిచివెళ్ళింది. రికార్డుల్లో ఉన్నది కాన్సర్టో. ఈ కాలపు మనిషే రాశాడట. కాన్సర్టో అంటే ఒక వాద్యం ముందుకొచ్చి మాట్లాడుతుంది, మిగతావి జవాబిస్తాయని మిస్సమ్మ చెప్పింది. గిటారుకు గొంతు చిన్నది. అందుకని రాసినాయన ఆర్కెస్ట్రాను కూడా చిన్నదే పెట్టుకుని, గిటారు పలికే చోట అందరినీ ఊరుకోబెట్టాడు. ఎంత మర్యాద!

కోదాడ క్రైస్తవ సంఘం నుంచి అబ్రహాం అనే ఆయన వచ్చి గిటారు తమకిమ్మని అడిగాడు. మా పాదిరి అయ్యగారు ఒక షరతు పెట్టారు. క్రిస్మస్‌కు సూర్యాపేటలో ఎవరైనా దాన్ని పలికిస్తే ఇక్కడే ఉంటుంది. లేకపోతే కోదాడకు.

నేను చెయ్యెత్తాను. మా ఇంట్లో బడి గడప తొక్కినదాన్ని నేనొక్కదాన్నే. ఇప్పుడు అదే బడిలో పిల్లలకు చెబుతున్నాను. నేర్చుకోవడం నాకు కొత్తా?

తీర్మానం: రికార్డులోని నెమ్మది భాగం. క్రిస్మస్ నాడు. ఆర్కెస్ట్రాతో. రోజూ రెండు పూటలా సాధన.

నవంబరు 21

పొద్దున సాధన. సాయంత్రం సాధన. వేలి కొసలు కోసుకుపోయాయి.

అమ్మ వరికోత నుంచి వచ్చి, ఏదీ చూద్దామని తీగ మీద వేలు పెట్టింది. కొడవలి పట్టి పట్టి కాయలు కాసిన వేలు. నేను మీటాను. గంట కొట్టినట్టు మోగింది.

"గింతకే ఏడుస్తున్నవా బిడ్డా?" అంది.

నవంబరు 24

ఆర్కెస్ట్రా సిద్ధం!

డప్పు: గురవయ్య చిన్నాయన.
హార్మోనియం: అయ్యగారు. ఒక మెట్టు పలకదు. ఆయనకది అలవాటే.
తాళాలు: అమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు.
ఫిడేలు: మిర్యాలగూడ నుంచి ఒకాయన వస్తానన్నాడు. రాలేదు.

అందరికీ రికార్డు వినిపించాను. చివర్లో రాగం కుంగి, కుంగి, మూలుగుతూ ఆగిపోతుంది. ఎంత దుఃఖం! ఆ మూలుగు అందరం బాగా నేర్చుకున్నాం.

నవంబరు 27. ఆదివారం

మొదటి రిహార్సల్. గిటారు మీద మూడు స్వరాలు వాయించానో లేదో డప్పు అందుకుంది. ఆ వెంటనే తాళాలు, హార్మోనియం. గిటారు నాకే వినిపించలేదు. అక్కడ ఊరుకోవాలని చెప్పాను. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అందుకున్నారు.

మా వాళ్ళలో ఒకరు పాట ఎత్తుకుంటే పక్కవాళ్ళు ఒంటరిగా వదలరు. కోతల్లోనూ అంతే, చావింట్లోనూ అంతే. వదిలేశారంటే ఆ మనిషి మీద కోపమున్నట్టు.

"పిల్లను నలుగుర్ల నిలబెట్టి మేం సప్పుడు జేయకుండ కూసోవాల్నా? నువ్వు మాకేం అన్యాలం జేసినవ్ బిడ్డా?" అన్నాడు చిన్నాయన.

కాన్సర్టో సంగతి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. శ్రద్ధగా విని, పాపం అది రాసినాయనకు చుట్టాలెవరూ లేరేమో అన్నాడు.

డిసెంబరు 3

బడిలో పరీక్షలు. సాధన లేదు.

డిసెంబరు 5

వేళ్ళు నొప్పి. సంగీతంలో విశ్రాంతి కూడా ఒక భాగమే.

డిసెంబరు 7

చలి. తీగలు కూడా చల్లగా ఉన్నాయి.

డిసెంబరు 9

అయ్యగారు ఈ రోజు గ్రామఫోనుకు కీ పూర్తిగా ఇచ్చి పెట్టారు. రాగం చివరిదాకా నిటారుగా నడిచింది. మూలుగే లేదు! అది కీ అయిపోయిన స్ప్రింగు మూలుగట.

ఆర్కెస్ట్రాకు చెప్పాను. పాటంతటిలో బాగున్నది అదొక్కటే, తీసేయవద్దు అన్నారు.

డిసెంబరు 14

ఒక ఆలోచన వచ్చింది. డప్పు ఎలాగూ ఆగదు. నేను వాయించినా, వాయించకపోయినా ఎవరికీ తేడా తెలియదు. మొదటి మూడు స్వరాలు వస్తే చాలు. ఆ తర్వాత వేళ్ళు కదిపితే చాలు. గిటారు మనదే.

దీన్ని మోసం అనకూడదు. సహకారం అనాలి.

డిసెంబరు 18. ఆదివారం

రిహార్సల్. వేళ్ళు కదిపాను. చాలా బాగా వచ్చిందన్నారు!

అబ్రహాం కూడా వచ్చాడు. గిటారుకు ఖద్దరు సంచి కుట్టించి తెచ్చి, కొలత సరిపోయిందా అని మా అందరి ముందే తొడిగి చూశాడు. సరిగ్గా సరిపోయింది.

"తొందరేం లేదండీ, పండగయ్యాకే తీసుకెళ్తాను" అన్నాడు.

ఇంటికొచ్చి కోపంతో సాధన చేశాను. కోపం ఎక్కువసేపు ఉండలేదు.

డిసెంబరు 22

గుడి దగ్గర చిన్నాయన, అమ్మ, అయ్యగారు గుసగుసలాడుకుంటున్నారు. నేను వెళ్ళగానే ఆపేశారు. కొత్త చీర కొంటున్నారేమో!

డిసెంబరు 25. క్రిస్మస్

చీర కాదు.

గుడి కిటకిటలాడింది. ఈ ఏడు గొడవల భయం కొంచెం తగ్గి, పెన్‌పహాడ్ నుంచి, ఆత్మకూరు నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. గిటారు ఎత్తాను. మూడు స్వరాలు వాయించి డప్పు కోసం ఆగాను.

డప్పు లేదు.

చిన్నాయన డప్పును ఒళ్ళో బోర్లించి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని నన్నే చూస్తున్నాడు. అమ్మ తాళాలు కొంగులో చుట్టేసింది. అయ్యగారు హార్మోనియం మూసేశారు. వాళ్ళ చప్పుడు వల్లే గిటారు కోదాడకు పోతుందనుకుని, ఈ ఒక్కరోజు నా మాట వినాలని అందరూ కూడబలుక్కున్నారు. ఒక పిల్ల తుమ్మబోతే తల్లి ముక్కు మూసింది.

నాలుగో స్వరం నాకు రాదు.

నొక్కాను. తీగ దగ్గింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ దగ్గింది. అబ్రహాం తల దించుకున్నాడు.

అప్పుడు చాప మీద నుంచి అమ్మ ఆ స్వరాన్ని గొంతుతో ఎత్తుకుంది. మాటల్లేవు, రాగమే. పక్క ఆడవాళ్ళు అందుకున్నారు. తాళాలు కొంగులోంచి బయటికొచ్చాయి. చిన్నాయన "ఇగ నాతోటి గాదు" అని డప్పు తిప్పాడు. చివర్లో గుడి గుడంతా కుంగి, కుంగి, స్ప్రింగులా మూలిగింది. నేనూ మూలిగాను. అది మాత్రం నాకు బాగా వచ్చు.

మూడు స్వరాలు వినిపించాయి, అవి చాలునా అని అయ్యగారు అబ్రహాంనే అడిగారు. ఆయన సంచి మడత విప్పి, మళ్ళీ మడిచాడు.

"ఈస్టరు దాకా చూద్దామండీ. ఈ సంచి ఉంచండి, దుమ్ము పడకుండా ఉంటది" అని నా చేతికిచ్చి కోదాడ బస్సెక్కాడు.

డిసెంబరు 26. సోమవారం

ఈ రోజు నుంచి నేను సంగీత విద్యార్థినిని.

పొద్దున్నే అమ్మ కొడవలి తీసుకుని బయలుదేరింది. నేనూ వస్తానన్నాను. బడికి సెలవులే. కొన్నాళ్ళు కోత కోస్తే వేళ్ళకు కాయలు కాస్తాయి, ఇక తీగలు నొక్కడం సులువు. మంచి ఉపాయం.

అమ్మ గడపలో ఆగిపోయింది. చిన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా ఆమె నా చేతికి కొడవలి ఇవ్వలేదు. ఇప్పుడూ ఇవ్వలేదు. నాకు అందకుండా రెండో చేతిలోకి మార్చుకుంది.

"కాయలు గావాల్నంటే ఆ తీగెల మీదనే కాయనియ్యి. దీన్ని ముట్టినవంటే సూడు" అని వెళ్ళిపోయింది.

సంచి విప్పి గిటారు తీశాను.

తీర్మానం: ఈస్టరు నాటికి నాలుగో స్వరం. రోజూ రెండు పూటలా సాధన.

నొక్కాను. దగ్గింది.

మళ్ళీ నొక్కాను.