చెవులు కోసిన కేసు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ దీవెనలు.

మేడమీద బూరాయన మీద నేను వేసిన కేసు ఇన్నేళ్లకు కదిలింది. నువ్వు గుమాస్తాగా ఉన్న కోర్టులో కొత్తగా తెలివైన యంత్రం పెట్టారటగా, దాని చలవేనట. దాని ముందు కూర్చోబెట్టి జరిగింది చెప్పమన్నారు. మనుషులైతే మధ్యలో అడ్డొస్తారు, అది నోరెత్తలేదు. మనసు విప్పి చెప్పేశాను: "తెల్లారేసరికి బూర అందుకుని నా చెవులు కోసేస్తాడు. కుట్టుమిషను ముందు కూర్చుంటే ప్రాణాలు తోడేస్తాడు. మొన్న ఆ గోలలో చొక్కాకి కాలరు తిరగేసి కుట్టాను. ఖాతాదారు మళ్లీ గుమ్మం తొక్కలేదు. నా కొంప ముంచాడు."

మీ పెద్దమ్మ

తా.క. యంత్రం ఎంత మర్యాదస్తురాలో! చివర్లో నాకు ధన్యవాదాలు చెప్పింది. మీ పెదనాన్న కాపురమంతటిలో ఒక్కసారీ చెప్పలేదు.

*

పెద్దమ్మకు నమస్కారాలు.

యంత్రం గుట్టలకొద్దీ కాగితాలు చిటికెలో చదివి సారాంశం రాస్తుంది. నీది ఇలా రాసింది: "నిందితుడు ఫిర్యాదుదారు చెవులు రెండూ కోశాడు. ప్రతిరోజూ హత్యాయత్నం చేస్తున్నాడు. ఇంటిని నీళ్లలో ముంచాడు. ఆయుధం: బూర." మా పై అధికారి చదవకుండా సంతకం పెట్టేశాడు. ఇవాళ బూరాయన్ని స్టేషనుకు తీసుకెళ్లారు. వెంటనే సాదా మాటల్లో సవరణ పంపు.

నీ బుజ్జి

తా.క. కోర్టు పంపిన డాక్టరు వస్తాడు, చెవులు చూపించు.

*

బుజ్జీ, దీవెనలు.

నీ ఉత్తరం చదివి ముద్ద దిగలేదు. ఆయన చీమకైనా హాని చెయ్యని మనిషి. ఇదిగో, ఇలా సవరణ పంపాను: "అయ్యా యంత్రంగారూ, ఆయన నన్నేమీ చెయ్యలేదు. నేనే ఆయన మీద కారాలు మిరియాలు నూరాను. మెట్ల మీద కనిపించినప్పుడల్లా మొహం వాచేలా చీవాట్లు పెట్టాను. ఓసారి నలుగురిలో ఉతికి ఆరేశాను." ఇంతకన్నా సాదాగా ఎవరు రాస్తారు?

మీ పెద్దమ్మ

తా.క. డాక్టరు వచ్చి, రెండు చెవులూ ఉన్నాయని రాసిచ్చాడు. ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

*

పెద్దమ్మకు నమస్కారాలు.

డాక్టరు రాసిచ్చిన కాగితంతో బూరాయన్ని వదిలేశారు. ఇప్పుడు సమన్లు నీకు వస్తున్నాయి. "ఆమె అతని ఒంటిమీద కారం, మిరియాలు నూరింది. మొహం వాచేలా కొట్టింది. జనం ముందు నీళ్లలో ఉతికి తీగమీద ఆరేసింది" అని రాసింది యంత్రం. జడ్జిగారు ఇద్దర్నీ స్వయంగా రమ్మన్నారు. అక్కడ నుడికారాలు వద్దు, నీకు దణ్ణం పెడతాను.

నీ బుజ్జి

తా.క. చెవులు మళ్లీ ఎలా మొలిచాయో వివరణ ఇవ్వాలట.

*

బుజ్జీ, దీవెనలు.

నిన్న నువ్వు పక్క హాల్లో ఉన్నావు కాబట్టి రాస్తున్నాను. జడ్జిగారు, నీకంటే చిన్నపిల్లలా ఉంది, ఆ సారాంశం పక్కన పెట్టి మా మొహాలు చూసింది. అంత గట్టిగా ఎందుకు వాయిస్తారని బూరాయన్ని అడిగింది. ఆయన నవ్వి నమస్కారం పెట్టాడు. మళ్లీ అడిగింది. మళ్లీ నమస్కారం. చివరికి ఆవిడే కిందికి దిగొచ్చి ఆయన చెవి దగ్గర అడిగింది.

"గట్టిగానా?" అన్నాడాయన. "నాకు వినపడక ఎప్పుడో మానేద్దామనుకున్నానమ్మా. ఈవిడొక్కరే రోజూ మెట్ల దగ్గర ఆగి, అంతసేపు మెచ్చుకుంటారు. ఆ మాట కోసమే వాయిస్తున్నాను."

హాలంతా నావైపు తిరిగింది. ఆయన చెవి దగ్గరికి వెళ్లి, "చాలా బాగుంటుందండీ" అన్నాను.

కేసు కొట్టేశారు. "యంత్రం లేకపోతే మీ కేసు ఇంకా అటకమీదే ఉండేది. దాన్ని నమ్ముకుని చదవడం మానేస్తే న్యాయమే అటకెక్కుతుంది" అంది జడ్జిగారు. ఇకమీదట మనిషి చదవని సారాంశం మీద సంతకం చెల్లదని అక్కడికక్కడే రాసింది.

మీ పెద్దమ్మ

తా.క. అభిమానురాలి కోసమని ఇవాళ పొద్దున్నే రెండు పాటలు ఎక్కువ వాయించాడు.