చీకట్లో నీ ఈల

అమ్మా, నేను క్షేమం. చెల్లి సున్‌హ్వా ఈ ఉత్తరం చదివి వినిపిస్తుంటే మధ్యలో కంగారుపడకు.

నిన్న కాలేజీ వాళ్లతో అడవిలోని లావా గుహకు వెళ్లాను. గోడ మీద లావా మిగిల్చిన చారల కొలతలు రాసుకుంటూ వెనకబడిపోయాను, దీపం ఆరిపోయింది. భయమేసింది. నువ్వు గుల్లల కోసం సముద్రంలో మునిగి, పైకి తేలగానే ఊపిరి వదులుతూ వేసే ఈల ఉందే, అదే వేశాను. మాకు దారి చూపించే కో అనే తాత ఆ చప్పుడు పట్టుకుని వచ్చాడు.

"కొండ కడుపులో సముద్రపు ఈలేమిటే పిల్లా! ఎవరి కూతురివి?" అన్నాడు.

వెనకే వచ్చిన కాలేజీ వాళ్లందరి ముందూ నీ పేరు, నీ పని గట్టిగా చెప్పానమ్మా. ఇన్నాళ్లూ సిగ్గుపడి దాచాను, క్షమించు.

చెవినొప్పి తగ్గిందా? కో తాతకివ్వడానికి తినే ఎండునాచు పంపు. గాలి రేగిన రోజు నీళ్లలో దిగకు. అమ్మమ్మకు నా దండాలు.

నీ ఈల నేర్చిన కూతురు,
యోన్‌సుక్