ముందుగాల నువ్వు పో

గద్వాల,
6 జూలై 2004

ప్రియమైన తిరుపతయ్యకు,

వనపర్తి బళ్లో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచి నీ దగ్గర దాచింది లేదు గనక ఇదీ రాస్తున్నాను. చదివాక చింపెయ్యి.

మూడు నెలలుగా మూత్రం సరిగా రావడం లేదు. గంటకోసారి లేవాలి. లేచి వెళ్తే చాలాసేపు నిలబడాలి, వచ్చేది నాలుగు చుక్కలు. పట్టు అంచుని చీరకు కలిపి నేసేటప్పుడు మగ్గం మీద మా ఆవిడ కిష్టమ్మ ఒక పక్క, నేనొక పక్క కూర్చోవాలి. నేను లేచిన ప్రతిసారీ ఆమె పని ఆగిపోతుంది. కల్లు దుకాణానికి పోతున్నానని ఆమె అనుమానం. నిజం చెప్పడానికి నోరు రాదు. అందుకే పొద్దున మగ్గంలో కూర్చునే ముందు నీళ్లు తాగడం మానేశాను. తగ్గకపోగా మంట మొదలైంది.

మా బావకీ ఇలాగే మొదలైంది, చివరికి క్యాన్సర్‌తో పోయాడు. కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలో చెమ్మకి వచ్చిందా, వయసుకి వచ్చిందా, అదే వచ్చిందా, నాకేమీ తోచడం లేదు.

నీ
బాలస్వామి

వీపనగండ్ల,
12 జూలై 2004

ప్రియమైన బాలస్వామికి,

ఉత్తరం చింపాను. అంతకుముందు రెండుసార్లు చదివి, రెండుసార్లూ నిన్ను తిట్టాను. చేను తడపడం మానేస్తే పంట బాగుపడుతుందా?

నాకైతే దేవుడి దయవల్ల ఏ బాధా లేదు. కాబట్టి సలహా చెప్పలేను, తోడు మాత్రం వస్తాను. వనపర్తికి శనివారాలు మూత్రవ్యాధుల డాక్టరు వస్తాడట. బస్టాండులో ఉంటాను. నీళ్లు తాగి రా.

ఎప్పటికీ నీ
తిరుపతయ్య

గద్వాల,
10 ఆగస్టు 2004

ప్రియమైన తిరుపతయ్యకు,

మూడు వారాలుగా మాత్రలు వేసుకుంటున్నాను. హాయిగా ఉంది. డాక్టరు చేతికి తొడుగు వేసుకుని వెనక నుంచి వేలితో చూడాలనగానే నేను తలుపు దగ్గరికి పరిగెత్తి, "ముందుగాల నువ్వు పో, నువ్వు పోతెనే నేను పోత" అని మొండికేయడం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. నువ్వు నవ్వుకుంటూ వెళ్లావు. రక్తం కూడా ఇద్దరం ఇచ్చి, సాయంత్రం ఫలితం వచ్చేదాకా కూర్చున్నాం.

నాది ప్రోస్టేటు గ్రంథి ఉబ్బడమేనట, క్యాన్సర్ కాదట. మూత్రసంచి కింద ఉండే ఆ గ్రంథి వయసుతో పెరిగి దారిని నొక్కుతుందట. గుంతకీ చెమ్మకీ సంబంధం లేదట. కిష్టమ్మకి అంతా చెప్పేశాను. "గింత దానికి ఇన్నొద్దులు నన్ను పరేషాన్ చేసినవా" అని ఏడ్చింది.

ఒకటే అర్థం కావడం లేదు. డాక్టరు నన్ను బయట కూర్చోబెట్టి నిన్ను మళ్లీ ఎందుకు పిలిచాడు? అడిగితే ఏం లేదన్నావు. వెంటనే బస్సెక్కేశావు. తర్వాత రాసిన రెండు ఉత్తరాలకీ జవాబు లేదు. నలుగురిలో నీ పరువు తీశానని అలిగావా?

నీ మాట కోసం చూస్తూ,
బాలస్వామి

వీపనగండ్ల,
29 ఆగస్టు 2004

ప్రియమైన బాలస్వామికి,

అలగలేదు. నాకే అర్థం కానిది నీకేమని రాయను?

ఆ రోజు డాక్టరు వేలికి నా గ్రంథి మీద గట్టి గడ్డ తగిలింది. రక్తపరీక్షలో కూడా తేడా వచ్చింది. ముక్క తీసి పరీక్ష చేయించాలి, హైదరాబాదు వెళ్లమన్నాడు. నేను వాదనకి దిగాను. "సార్, తిప్పలు వానికి. నాకేం లేదు. మీరు మమ్ముల తారుమారు చేసిన్రు" అన్నాను. ఉబ్బు వేరు, ఇది వేరు, క్యాన్సర్ మొదట్లో ఏ బాధా పెట్టకుండానే ఉండొచ్చని ఆయన ఓపిగ్గా చెప్పాడు. నేను నమ్మలేదు. రెండు వారాలు వేరుశనగ చేలో తిరుగుతూ, ఇంత మంచిగా ఉన్నవాడికి రోగమేమిటని నన్ను నేనే అడుక్కున్నాను. చివరికి విత్తనాలకని ఇంట్లో అబద్ధం చెప్పి వెళ్లి పరీక్ష చేయించుకున్నాను.

క్యాన్సరేనట. గ్రంథి దాటలేదు, ఆపరేషన్ చేసి తీసేయొచ్చంటున్నారు. నిన్న మా ఆవిడ జోగులమ్మకి చెప్పాను. అన్నం వండడం సగంలో వదిలేసి నా పక్కనే కూర్చుంది.

అవస్థ పడ్డది నువ్వు, రోగం దొరికింది నాకు. నువ్వు ఆ తలుపు దగ్గర పిరికితనం చూపకపోతే నేను లోపలికి వెళ్లేవాణ్ణే కాదు. ఇంకో రెండేళ్లు నాకేం లేదని చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి.

సెప్టెంబరు ఆరు సోమవారం చేర్చుకుంటారు. ఆ పొద్దున హైదరాబాదు బస్సు గద్వాలలో నువ్వెక్కు, కొత్తకోటలో మేమెక్కుతాం. నాకు భయంగా ఉంది, బాలస్వామీ. లోపలికి వెళ్లనని నేను మొండికేస్తే నెట్టడానికి నువ్వు కావాలి.

నీ
తిరుపతయ్య