ఎనిమిది అంగుళాలకో మచ్చ

నరసరావుపేట,
23 అక్టోబరు 2025, గురువారం.

మహారాజశ్రీ త్రికోటేశ్వరరావు గారి సముఖమునకు,

శేషగిరిరావు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నీ ఎడమ మోకాలు తప్ప మిగతా నువ్వంతా క్షేమమని బజార్లో విన్నాను. పదహారేళ్ల తర్వాత రాస్తున్నాను గనక ఒక్కసారి ‘గారు’ పెట్టాను. రెండోసారి నా వల్ల కాదు.

ఒరేయ్ కోటయ్యా, ఫోను చేయొచ్చుగా అంటావు. చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తినా, నా గొంతు తెలిసి కూడా “ఎవురూ?” అంటావు. నేను పెట్టేస్తాను. అందుకే కాగితం. కాగితాన్ని మధ్యలో పెట్టేయలేవు. చదవడం మొదలుపెడితే చివరిదాకా చదివే రోగం నీకూ ఉంది, నాకూ ఉంది.

శుభవార్త ఒకటుంది. కానీ ముందు పాత కక్షలు తీర్చుకోనివ్వు.

గ్రంథాలయంలో మనం నడిపిన ఆదివారం చదువుల కూటమి నుంచి 2009లో నువ్వు లేచిపోయావు. కారణం నేనేనని ఊరంతా చెప్పావు. నీ కొత్త ట్రాక్టరు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించిన సంగతి మీద నేను చదివిన వ్యాసం ఏడు పేజీలు. అందులో ఎక్కడా నీ పేరు లేదు. “శావల్యాపురం వాస్తవ్యుడైన ఒక చదువుకున్న రైతు” అని మాత్రమే ఉంది. అందరూ నీవైపు తిరిగి నవ్వితే అది నా తప్పా? ఆ రోజు నువ్వు చంకలో పెట్టుకుని పోయిన నా పుస్తకం, రష్యా చరిత్ర రెండో సంపుటం, ఇప్పటికీ రాలేదు. మొదటిదీ మూడోదీ నా బీరువాలో పన్నూడిన నోరులా ఉన్నాయి. విప్లవం ఎట్లా వచ్చిందో తెలియకుండానే దాని పర్యవసానాలు పదహారేళ్లుగా చదువుకుంటున్నాను. ఇక మూడో కక్ష. మొన్న మాఘంలో మా సరస్వతి పోయినప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని మా గేటు దగ్గర గంటసేపు ఎండలో నిలబడి, లోపలికి రాకుండానే వెళ్లిపోయావట. మొదటి రెండూ క్షమించినా క్షమిస్తాను, ఇది క్షమించను. వస్తే కుర్చీ వేసేవాణ్ని.

సరే, వార్త. నీ మనవరాలు గెలిచింది.

రెండేళ్ల కిందట వినుకొండ రోడ్డులో ఉన్న నా పాత పరుపుల గోడౌను అద్దెకు కావాలని ఒక పిల్ల వచ్చింది. ఇంజనీరునంది. ఏ ఊరమ్మా, ఎవరి తాలూకు అని అడిగితే, “మా తాతయ్య పేరు చెబితే మీరు గోడౌను ఇవ్వరని మా అమ్మ చెప్పింది. మీ పేరు చెబితే మా తాతయ్య అన్నం ముందు నుంచి లేచిపోతాడు” అంది. అప్పుడే ఇచ్చేశాను. నిన్ను అన్నం ముందు నుంచి లేపే అవకాశం ఎవడు వదులుకుంటాడు?

కావ్య తెచ్చి పెట్టిన మిషనును దసరా పొద్దున నువ్వు దూరం నుంచి చూశావు గానీ, నడుస్తుండగా చూడలేదు. చెబుతాను, విను. ఇనుప దూలం మీద అటూ ఇటూ నడిచే ఒక తల ఉంటుంది. అందులో నల్లటి టేపు చుట్ట. కార్బను పోగులకు ముందే జిగురు పట్టించిన టేపు అది, సరిగ్గా మన నవారంత వెడల్పు. తల నడుస్తుంటే టేపుకి అంటించిన కాగితం దానంతటదే ఊడి పైకి చుట్టుకుంటుంది. టేపు అచ్చు మీద పడుతుంది. వెనకాలే ఒక మెత్తటి రోలరు దాన్ని వెచ్చవెచ్చగా ఒత్తుకుంటూ వస్తుంది. అంచు రాగానే ఒక చిన్న కత్తి టక్కుమని కోసేస్తుంది, ఏటవాలు కావాలంటే ఏటవాలుగానే. ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం, ఒకటి ఐమూల. పన్నెండు వరసలు పేర్చి పెద్ద ఓవెనులో కాలిస్తే పొలాల సర్వే చేసే డ్రోనుకి రెక్క అవుతుంది. ఒంటి చేత్తో ఎత్తొచ్చు. ఎక్కి నిలబడినా విరగదు.

యాభై రెండేళ్లు నవారు కొట్టు నడిపినవాణ్ని, నాకెవడు చెప్పాలి? నిలువు నవారు ఒక్కటే లాగితే రెండో రోజుకే మంచం ఉయ్యాలవుతుందనీ, అడ్డం పడితేనే మనిషిని మోస్తుందనీ కావ్యకు చెప్పాను. మిషను నడిపే జానీ అది విని, “అయితే మనం ఆకాశంలోకి నవారు మంచం పంపిస్తన్నామా ఏంది పెద్దాయనా?” అన్నాడు. జానీ మాచర్లలో ఇరవయ్యేళ్లు లేతు మిషను మీద పనిచేసిన మనిషి. మిషను మొరాయిస్తే ముందుగా అతని చెవికే తెలుస్తుంది. ఆ రోజు నుంచి రెక్కను వాళ్లు మంచం అనే పిలుస్తున్నారు.

అప్పటినుంచి పొద్దున పదింటికి పేపరు పట్టుకుని గోడౌనుకి వెళ్లి కుర్చీ వేసుకోవడం నా ఉద్యోగం. జీవితమంతా కత్తెరతో గుడ్డ కోశాను. సగం గీతలు వంకరే, గిరాకీలు మొహమాటానికి ఒప్పుకున్నారు. ఈ కత్తి కోసిన గీత చూస్తే అసూయ కాదురా, ఆకలి పుట్టింది. ఇంకొకటి చూద్దాం, ఇంకొకటి చూద్దాం అని సాయంత్రం దాకా కూర్చునేవాణ్ని.

ఇక ఆయుధ పూజ. నువ్వు ఇత్తడి గిన్నె, మామిడాకులు, డజను నిమ్మకాయలతో గోడౌనులో అడుగుపెట్టగానే నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. పేపరు కింద నుంచి నీ కాళ్లే కనపడ్డాయి. మోకాలు నిజంగానే బాగాలేదు. కావ్య నిన్ను వాకిట్లోనే ఆపి, “తాతయ్యా, మిషను తల జోలికి మాత్రం పోవద్దు. చెమట చెయ్యి తగిలినా వరసలు ఒకదానికొకటి అంటుకోవు” అంది. నువ్వు “నాకు తెలవదా ఏందే” అని, గిన్నెలో నీళ్లు పోసి పసుపు కలిపి గుమ్మానికి పెట్టావు, స్విచ్చుబోర్డుకి దండ వేశావు. నా వ్యాసానికి ఎనిమిదో పేజీ దొరికిందని పేపరు వెనక నవ్వుకున్నాను. నా సంగతి నీకు తెలుసు. ప్రతి దసరాకీ సరస్వతి నా కత్తెరకీ గజంబద్దకీ బొట్లు పెట్టేది, కొట్టు తెరవగానే నేను తడిగుడ్డతో తుడిచేసేవాణ్ని. కాపురానికొచ్చాక నలభై ఏడేళ్లు తను పెట్టింది, నలభై ఏడేళ్లు నేను తుడిచాను.

తర్వాత వారం రెక్క తేడా వచ్చింది. ఆ రెక్క సంగతి నీకు పూర్తిగా తెలుసో తెలియదో. పదిహేడో తారీకున హైదరాబాదు కంపెనీ తరఫున ఒకావిడ వచ్చి పరీక్ష చేస్తుంది, పాసైతే ఆర్డరు. కాకపోతే మిషను ఇచ్చినవాళ్లు వచ్చి విప్పుకుపోతారు. ముందుగా ఒకటి చేసి చూసుకుందామని తొమ్మిదో తారీకున కాల్చారు. జానీ రూపాయి బిళ్లతో దాన్ని తట్టడం మొదలుపెట్టాడు. కొబ్బరికాయ తట్టి చూసుకున్నట్టే. లోపల వరసలు కలిసి ఉంటే టంగుమంటుంది, విడిపోయి ఉంటే డబ్బుమంటుంది. టంగు, టంగు, టంగు, డబ్. అక్కడ సుద్దతో సున్నా చుట్టాడు. రెక్క అయ్యేసరికి పందొమ్మిది సున్నాలు.

మూడు రోజులు వాళ్లు అనుమానించని వస్తువు లేదు. టేపు పాడైందేమోనన్నారు, టేపు దాచే ఫ్రీజరు కరెంటు పోయినప్పుడు వెచ్చబడిందేమోనన్నారు. కావ్య అన్నం మానేసింది. జానీ ఫ్రీజరును తిట్టాడు, హీటరును తిట్టాడు, కరెంటోళ్లను తిట్టాడు. నాలుగో రోజు నేను ఇంటికెళ్లి కొట్టులోని గజంబద్ద తెచ్చి సున్నాల మధ్య దూరం కొలిచాను. ఎనిమిది అంగుళాలు. తర్వాతదీ ఎనిమిదే. అచ్చు చీరల్లో అచ్చురోలరు మీద నలక పడితే చీర పొడుగునా ఒకే దూరంలో మచ్చ వస్తుందమ్మా, ఈ ఒత్తే రోలరు చుట్టుకొలత ఎంత అని అడిగాను. జానీ దారం చుట్టి చూశాడు. ఎనిమిది. రోలరు విప్పితే అడుగు వైపు బొటనవేలంత పసుపు మరక. కావ్య వాసన చూసి, “కొబ్బరి నూనె” అంది.

“పెద్దాయనా, నీ కన్నే కన్ను!” అని జానీ నా చేతులు పట్టుకుని ఊపాడు.

మర్నాడు పొద్దున నువ్వు పెరుగన్నం క్యారేజీ పట్టుకుని వచ్చావు. తర్వాత ఏం జరిగిందో నీకు చెప్పనక్కర్లేదు, అయినా రాస్తాను, నేను అక్కడే ఉన్నాను గనక. “వద్దని చెప్పానా లేదా తాతయ్యా? నీ భక్తికి నా రెండేళ్లు పోయేవి!” అంది కావ్య. “గుమ్మానికే పెట్టానమ్మా. నీళ్లతో కలిపిన పసుపు. మిషను జోలికి పోలా” అన్నావు. “మరి ఎవరు పెట్టారు? నేనా? జానీ అన్నా? పుస్తకాలు తప్ప దేవుణ్ణి నమ్మని ఈ తాతా?” అంది. నువ్వు అప్పుడు మొదటిసారి నావైపు చూశావు. నేను పేపరు తిరగేశాను. నువ్వు క్యారేజీ అక్కడే పెట్టి వెళ్లిపోయావు. “ఆ మడిసి అబద్ధం ఆడే రకం కాదు మేడం” అని జానీ గొణిగాడు. ఎవరూ పట్టించుకోలేదు. అప్పటినుంచి నువ్వు ఆ పిల్ల ఫోను ఎత్తడం లేదు.

రోలరు మార్చారు. కొత్త రెక్క కాల్చారు. పదిహేడున హైదరాబాదు ఆవిడ వచ్చింది. బక్కపలచటి మనిషి, నవ్వు లేదు. పర్సులోంచి తన రూపాయి బిళ్ల తానే తీసి గంటసేపు తట్టింది. నేను సంగీతం మీద చాలా చదివాను గానీ ఏ కచేరీ అంత శ్రద్ధగా వినలేదు. టంగు, టంగు, టంగు. జానీ కళ్లు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. కావ్య నా భుజం పట్టుకుని గోళ్లు దింపింది, గాట్లు ఇంకా ఉన్నాయి. చివరి అంచు కూడా టంగుమంది. ఆవిడ బిళ్ల పర్సులో వేసుకుని, నెలకు నలభై రెక్కలు ఇవ్వగలరా అంది.

ఒరేయ్, ఆ గోడౌను అంత గోల ఎన్నడూ వినలేదు. జానీ టేపు నుంచి ఊడిన కాగితం మెడలో దండలా వేసుకుని గంతులేశాడు. వేడి జిలేబీ వచ్చింది. హైదరాబాదు ఆవిడ కూడా రెండు తిని, మూడోది కాగితంలో చుట్టుకుంది. ఆమె ముందే కావ్య, “తప్పు కనిపెట్టింది ఈ తాతే” అని నాకు శాలువా కప్పింది! గ్రంథాలయం వాళ్లు 2003లో నీకు కప్పి నాకు కప్పలేదు, గుర్తుందా? డెబ్బై ఎనిమిదేళ్లకు నాకూ శాలువా వచ్చింది. ఆకుపచ్చది, జరీ అంచు.

అందరూ తింటుంటే కావ్య పక్కకి వెళ్లి నీకు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. కడిగి పెట్టిన నీ క్యారేజీ గిన్నెలో రెండు జిలేబీలు వేసి మూత పెట్టింది. మర్నాటికి గట్టిపడ్డాయి. పారేసి, మళ్లీ రెండు తెప్పించి పెట్టింది. ఈ ఆరు రోజులూ అదే పని.

ఆదివారం పొద్దున ఏడింటికి ఆ రెక్కతో డ్రోను ఎగురుతుంది. మీ ఊరి దారిలో ఉన్న కంది చేల మీదే. నువ్వు రావాలి. వస్తే రష్యా తీసుకురా.

ఇట్లు,
నీ మీద ఇంకా కోపంగానే ఉన్న
శేషగిరిరావు

తా.క. మోకాలు నొప్పిగా ఉంటే కూర్చుని చదువు.

ఆ పసుపు పెట్టింది నేను.

ఈ దసరాకి తుడవడానికి నా కత్తెర మీద బొట్టు లేదురా. తడిగుడ్డ పట్టుకుని నిలబడ్డాను, ఏం చేయాలో తెలియలేదు. దేవుడి గూట్లో సరస్వతి కుంకుమ భరిణె, పసుపు డబ్బా, కొబ్బరి నూనె సీసా ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ పిల్ల మిషనుకి ఎవరూ పెట్టలేదే, పదిహేడున ఏమవుతుందో అనిపించింది. నువ్వు వెళ్లాక, వాళ్లు భోజనానికి లేచినప్పుడు పెట్టాను. నీళ్లతో కలిపితే ఎండి రాలిపోతుందని నూనెతో కలిపాను, కొట్టువాడి బుద్ధి. తల మీద పెడితే కనపడుతుందనీ, కావ్య వద్దన్నది తల సంగతే కదా అనీ అడుగున రోలరుకి పెట్టాను. నీలాంటి వాడైతే నుదుటనే పెడతాడు, ఎదురుగా, దర్జాగా. సిగ్గుపడేవాడే కిందికి చెయ్యి పెడతాడు. అది చూసైనా కావ్యకు తెలియాల్సింది.

సున్నాల మధ్య ఎనిమిది అంగుళాలు కొలిచినప్పుడు నాకు అచ్చు చీరలు గుర్తు రాలేదు. నా బొటనవేలు గుర్తొచ్చింది. రోలరు చూడమని చెప్పే ధైర్యం వచ్చింది, వేలు చూపించే ధైర్యం రాలేదు. నువ్వు నావైపు చూసినప్పుడు చెప్పాల్సింది. ఏడు పేజీల వ్యాసం అడ్డం వచ్చింది.

దీన్ని పోస్టులో వేయలేదు. అంటించకుండా కావ్య చేతికిచ్చి, శావల్యాపురం బస్సెక్కి దారిలో చదువుకోమన్నాను. కాబట్టి ఈ ముక్క నువ్వు చదివేసరికి తను నీ గుమ్మంలోనే క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంటుంది. నన్ను తిట్టడం తర్వాత. ముందు దానికి కుర్చీ వెయ్యి.

శాలువా కూడా తన చేతి సంచిలోనే ఉంది. అది నీది.

ఆదివారం పసుపు తీసుకురా. నీళ్లతోనే కలుపు, గుమ్మానికే పెట్టు. కొంచెం మిగిలితే నా కత్తెరకి కూడా పెట్టు. ఈసారి తుడవను.