కే తాల్ అని అడిగితే

బిల్బావో, ఫిబ్రవరి 9

ప్రియమైన త్సియాలాకి,

నువ్వు ఆరేళ్ళు చేసిన పనిలో నేను చేరి మూడు వారాలైంది. మంచంలో ఉన్న ముసలావిడ ఎర్మీనియా మంచిదే. కూతురు విసి మాత్రం నా పాస్‌పోర్టు తీసి బీరువాలో పెట్టేసింది. ఆఫీసుకి పోతూ బయట తాళం వేస్తుంది. ఐదో అంతస్తు, ఎక్కడికి పోను? నీకూ ఇలాగే వేసేదా? నాకు ఊపిరాడటం లేదే. ఉత్తరాలు ఆవిడే పోస్టు చేస్తుంది. మన జార్జియా లిపి రాదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

వంటింటి కిటికీ అవతల బావిలాంటి ఖాళీ ఉంది కదా, అక్కడ బట్టలారేసే ఆడవాళ్ళు నన్ను పలకరిస్తారు. స్పానిష్ ఒక్క ముక్క రాక గుడ్లప్పగించి చూస్తాను. ఏమనాలో నేర్పు.

నీ లామారా

కుటాయిసి, ఫిబ్రవరి 27

ప్రియమైన లామారాకి,

ఎదురు కిటికీలో ఉండేది అంపారో. నోరు పెద్దది, మనసూ పెద్దదే. ఎవరు కనబడినా పలకరింపుగా "ఓలా" అను. ఏ పూటైనా "బ్వేనాస్" చెల్లుతుంది. "కే తాల్" అంటే ఎలా ఉన్నావని. దానికి "బియెన్" అనాలి, బాగున్నానని. జ్వరమొచ్చినా, మొగుడు పారిపోయినా బియెన్నే! అక్కడ జవాబు కోసం ఎవరూ ఆగరు. బాగాలేదనడానికి "మాల్" ఉంది గానీ, అది వాడకు. మర్యాద కాదు.

తాళం సంగతి అంటావా, ఓపిక పట్టు. అలవాటవుతుంది.

నీ త్సియాలా

బిల్బావో, ఏప్రిల్ 2

ప్రియమైన త్సియాలాకి,

నెల రోజులు చిలకలా బియెన్ బియెన్ అన్నాను. మంగళవారం పాస్‌పోర్టు అడిగితే విసి నవ్వింది. "నీకు ఓలా తప్ప ఏం వచ్చు? ఎవరికి చెప్పుకుంటావ్?" మాటలు సగమే తెలిశాయి, నవ్వు మాత్రం మొత్తం అర్థమైంది.

మర్నాడు అంపారో దుప్పటి ఆరేస్తూ, "కే తాల్, బంగారం?" అంది.

"మాల్," అన్నాను.

ఆవిడ చేతిలో దుప్పటి కిందికి జారిపోయింది. మూడో అంతస్తు కిటికీ తెరుచుకుంది.

"ఏమందీ?"

"బాగాలేదంట!"

"బాగాలేదా? అలా ఎవరంటారే?"

"ఆ పిల్ల అంటోంది! ఊరికే వింటారేం, పైకి రండి!"

వాళ్ళేమన్నారో తర్వాత తెలిసింది. అప్పటికి నాకు ఇంకో మాట రాదు. చేత్తో తాళం తిప్పి చూపించాను. కాసేపటికి ఇంటి చెప్పులతోనే ఆడవాళ్ళంతా గుమ్మం ముందు చేరారు. ఫోన్ చేసి విసిని రప్పించారు. "ముందు పాస్‌పోర్టు తే, నీ సంజాయిషీ తర్వాత," అంది అంపారో. పాస్‌పోర్టు నా చేతికొచ్చింది. ఇప్పుడు అంపారో ఇంట్లోనే ఉన్నాను. విసి వాళ్ళమ్మకి తనే అన్నం పెడుతోంది.

అంపారో నీ గురించి చెప్పి కళ్ళొత్తుకుంది. "ఆరేళ్ళూ బియెన్ అనేది, హాయిగా ఉందనుకున్నాం." నిజం చెప్పు త్సియాలా. నీకూ తాళం వేసేదా?

నీ లామారా

కుటాయిసి, ఏప్రిల్ 21

లామారా,

వేసేది. నాకు స్పానిష్ నీకంటే వంద రెట్లు వచ్చు. అయినా ఆ కిటికీలోంచి నిజం చెప్పడానికి సిగ్గుపడ్డాను. ఇన్నేళ్ళూ ఎందుకు ఊరుకున్నావని అడుగుతారని భయం. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ భయం పెరిగింది.

నా బదులు ఇంకొకరిని తెస్తేనే పాస్‌పోర్టు ఇస్తానంది విసి. ఎవరిని తేవాలా అని రెండు నెలలు ఆలోచించాను. నా మాట నమ్మి, ఏమీ అడక్కుండా బయల్దేరేది నువ్వొక్కదానివే అనిపించింది.

త్సియాలా