కింది లెన్స్

నాయనా,

నువ్వు పోయాక వచ్చిన మొదటి ఆయుధపూజ ఇది. నిన్న ఒక పాత రీలు కెమెరా కొన్నాను. బొమ్మనహళ్ళిలో నీ స్టూడియోలో ఉండేదాని లాంటిదే, ఒకదాని కింద ఒకటి రెండు లెన్సులు. “షోకేసులో పెట్టేదానికా అమ్మా?” అని అంగడాయన నవ్వాడు. నేను కింది లెన్సును వెలుతురుకు పట్టి చూస్తుంటే, “మీకు తెలిసినట్టుండాదే, అందరూ పైదే చూస్తారు” అన్నాడు.

నాకెలా తెలుసో నీకు ఎప్పుడూ చెప్పలేదు. నా పన్నెండో ఏట ఆయుధపూజ రోజు నీ కెమెరా కింది లెన్సుకు గంధం, కుంకుమ పెట్టి, సాయంత్రం పావడా అంచుతో తుడిచేశాను. నువ్వు చూసేది పై లెన్సులోంచి, ఫొటో పడేది కింది దాంట్లోంచి. మర్నాడు నువ్వు తీసిన పెళ్ళి ఫొటోలన్నీ మసకగా వచ్చాయి. భయపడి, నువ్వు ఇంట్లో లేనప్పుడు నీ మెత్తటి గుడ్డతో లెన్సును మళ్ళీ శుభ్రంగా తుడిచి ఊరుకున్నాను. కెమెరాలో ఏ లోపమూ దొరకక, “నా చూపే పోయిందే” అని అమ్మతో అన్నావు. ఆ తర్వాత ఏ పెళ్ళికీ ఒప్పుకోలేదు.

ఈ రోజు కెమెరాను దేవుడి ముందు పెట్టాను. బొట్టు దాని తోలు సంచికి పెట్టాను.

నీ చూపు బాగానే ఉండేది నాయనా.