దూరపు పేదలు

మన చర్చి విచారణ గురువులకు నమస్కారాలు.

లోకంలోని పేదలందరి బాధ్యతా మనదేనని ఆదివారం పూజలో మీరు చెబుతుంటే కళ్లు చెమర్చాయి, ఫాదర్. మర్నాడే, దూరదేశాల పేదలకు ఎక్కువ పంపాలంటే ఖర్చు తగ్గాలని, చర్చి ఊడ్చే అక్కను సంఘపెద్దలు మాన్పించారు. "ఎవరో ఒకరు త్యాగం చెయ్యాలి కదమ్మా" అని సంఘం అధ్యక్షులవారు నాకు ఓపిగ్గా వివరించారు. త్యాగానికి ఎంత తగిన మనిషిని వెతికారో!

అక్క ఇంట్లో పొయ్యి వెలగడం లేదు. అన్నం పట్టుకెళితే, "నేనూ దూరదేశం పోతే నాకూ పంపుతారా అమ్మా?" అని అడిగింది. జవాబు మీ దగ్గరే ఉండాలి.

ఈ ఆదివారానికి ఆమెను మళ్లీ పనిలోకి పిలవండి. లేకపోతే కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య తిరగడానికి నేను రాను. ఆ సంచి అధ్యక్షులవారికివ్వండి. ఒకరి దగ్గర ఉన్నది తీసుకోవడం ఆయనకు బాగా వచ్చు.

మీ ఆశీస్సులు కోరుతూ,
మీ చర్చి విచారణలోని ఒక గృహిణి